ఐదున్నరకే చీకటి: ఇంటి లైట్ల మీద మీ ప్రశ్నలు

కార్తీకం మొదలైన దగ్గర్నుంచీ ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో లైట్లు, కరెంటు బిల్లుల గోలే ఎక్కువ. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. జూన్‌లో హైదరాబాద్‌లో దాదాపు ఏడింటి దాకా ఉండే పొద్దు నవంబర్ చివరికొచ్చేసరికి 5:40కే వాలిపోతుంది, విశాఖలో అయితే 5:20కే. ఇందులో ఒక తమాషా ఉంది. సాయంత్రాలు డిసెంబర్‌లోనే మళ్లీ కొద్దికొద్దిగా సాగడం మొదలవుతుంది గానీ, పొద్దున్న సూర్యుడు మాత్రం సంక్రాంతి వెళ్లేదాకా రోజురోజుకీ ఇంకాస్త ఆలస్యంగానే లేస్తాడు. అందుకే పొద్దుటి పూట లైట్లు వేసుకోవాల్సిన అవసరం జనవరిలో ఎక్కువ. ఈసారి పేజీలన్నీ ఈ ఉత్తరాలకే ఇచ్చేస్తున్నాం. చాలామంది పేరు వేయొద్దన్నారు కాబట్టి ఊరి పేరుతో సరిపెడుతున్నాం.

కరీంనగర్ నుంచి: ఇంట్లో బల్బులన్నీ ఎల్ఈడీలే. ఏసీ లేదు, కూలర్ లేదు, ఫ్యాన్ కూడా రెండు మీదే తిరుగుతోంది. అయినా డిసెంబర్‌లో 200 యూనిట్లు దాటి జీరో బిల్లు పోయింది. తెల్లవారుజామునే లేచి లైట్లన్నీ వేసుకోవడం వల్లేనా? ఇంకా తక్కువ వాట్ల బల్బులు పెట్టమంటారా?

వద్దండీ, పాపం మీ బల్బుల తప్పేం లేదు. లెక్క మీరే చూడండి. 9 వాట్ల బల్బులు నాలుగు, చలికాలం కాబట్టి రోజూ గంటన్నర అదనంగా వెలిగాయనుకుందాం. నెలకి అయ్యేది 1.6 యూనిట్లు, అంటే రెండు యూనిట్లు కూడా కాదు. అదే స్నానాల గదిలో 2000 వాట్ల గీజర్ రోజుకి గంటసేపు పనిచేస్తే నెలకి 60 యూనిట్లు. ఇంకోలా చెప్పాలంటే పావుగంట గీజర్‌కి ఖర్చయ్యే అర యూనిట్‌తో మీ బల్బు 55 గంటలు వెలుగుతుంది. మన దగ్గర చలికాలంలో కరెంటు తినేది వెలుతురు కాదు, వేడినీళ్లు. ఈ మాట ఎన్నిసార్లు రాసినా జనం బల్బుల వైపే చూస్తారు, ఎందుకంటే బల్బు కళ్లెదురుగా వెలుగుతుంటుంది, గీజర్ ఏమో తలుపు వెనకాల ఎక్కడో అటక పక్కన ఉంటుంది.

నమ్మకం కుదరకపోతే మీటర్ దగ్గరికి వెళ్లి నిలబడండి. దాని మీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుతూ ఉంటుంది, పక్కనే యూనిట్‌కి ఎన్నిసార్లు మిణుకుతుందో అచ్చేసి ఉంటుంది. చాలా మీటర్లకి 3200 అని చూస్తాం. ఇంట్లో అన్నీ ఆపేసి ఒక్క 9 వాట్ల బల్బు వేస్తే ఆ ఎర్ర లైటు ఒకసారి మిణికి మళ్లీ మిణకడానికి రెండు నిమిషాల పైనే పడుతుంది, చూసేవాళ్లకి విసుగు పుడుతుంది. ఇప్పుడు గీజర్ వేయమనండి. సెకనుకి దాదాపు రెండుసార్లు టకటకా కొట్టేస్తుంది. ఇంట్లో వాళ్లందర్నీ ఒకసారి అక్కడికి తీసుకెళ్లి చూపిస్తే ఇక మీరు ఉపన్యాసాలు ఇవ్వక్కర్లేదు.

నెలకి 200 యూనిట్ల దాకా ఉచితంగా ఇచ్చే తెలంగాణ గృహజ్యోతి పథకంలో 200 దాటితే ఆ పైనున్న నాలుగు యూనిట్లకి కాదు, ఆ నెల మొత్తానికీ కట్టాలి కాబట్టి మీ బాధ అర్థమైంది. స్నానాలు ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే కానివ్వండి, ఒకరు ఆరింటికి ఇంకొకరు ఎనిమిదింటికి అయితే మధ్యలో చల్లారిన నీళ్లని అది మళ్లీ కాస్తుంది. గీజర్ మీద వేడి తగ్గించే మర ఉంటే కాస్త కిందికి తిప్పండి, ఎలాగూ అంత వేడిగా కాచి మళ్లీ చన్నీళ్లు కలుపుకోవడమే కదా. హీటర్ రాడ్ వాడేవాళ్లకీ ఇదే లెక్క, రాడ్ 1500 వాట్లు. ఇక వంటింట్లో చోక్‌తో పనిచేసే పాత లావు ట్యూబ్‌లైట్ ఏమైనా మిగిలి ఉందేమో చూడండి. 40 వాట్లని పేరే గానీ చోక్‌తో కలిపి 50 దాటుతుంది. దాన్ని మాత్రం 20 వాట్ల ఎల్ఈడీ పట్టీతో మార్చేయొచ్చు, రోజుకి ఆరు గంటలు వేసే ఇంట్లో నెలకి ఐదారు యూనిట్లు తగ్గుతాయి. పాత పట్టీలోనే ఎల్ఈడీ ట్యూబ్ ఇరికిస్తామంటే చోక్, స్టార్టర్ సంగతి తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, కొన్నింటికి వైరింగ్ మార్చాలి, కొన్నింటికి అక్కర్లేదు.

తెనాలి నుంచి: పూజగదిలో ఎర్ర జీరో బల్బు రాత్రీ పగలూ వెలుగుతూ ఉండటం మా అత్తగారి కాలం నుంచీ అలవాటు. కార్తీకంలో వరండాలో ఇంకోటి కూడా పెట్టాం. జీరో కదా, కరెంటు కాలదు అంటారు ఇంట్లో. నిజమేనా?

కాదమ్మా. పేరు జీరో గానీ ఆ పాత చుక్క బల్బు 10 నుంచి 15 వాట్లు లాగుతుంది. పాత చక్రం మీటర్లు అంత తక్కువ వాడకానికి సరిగా తిరిగేవి కావు కాబట్టి ఆ పేరొచ్చింది, ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటర్ అలా వదిలేయదు. 15 వాట్లు, ఇరవై నాలుగు గంటలు, ముప్ఫై రోజులు అంటే 10 యూనిట్ల పైమాటే. హాల్లో 9 వాట్ల బల్బు రోజుకి ఐదు గంటలు వెలిగితే నెలకి అయ్యేది 1.35 యూనిట్లు. అంటే హాలు మొత్తానికి వెలుతురిచ్చే బల్బు కంటే దేవుడి దగ్గర మిణుకుమనేది ఏడెనిమిది రెట్లు ఎక్కువ తింటోంది. అర వాట్ ఎల్ఈడీ చుక్క బల్బు అదే రంగులో దొరుకుతుంది, అదే హోల్డర్‌లో పడుతుంది, నెలంతా వెలిగినా అర యూనిట్ కూడా కాదు. అత్తగారి అలవాటు అలాగే ఉంటుంది, వరండాలో రెండోదీ అలాగే ఉంచుకోండి. నూనె దీపం బదులు బ్యాటరీ ప్రమిదలు పెట్టొచ్చా అని కూడా అడిగారు. అది నన్నడిగితే ఎలాగండీ, మీ పురోహితుణ్ణి అడగండి.

బాపట్ల నుంచి: డిసెంబర్ ఒకటో తారీఖునే మా ఇంటి మీద క్రిస్మస్ స్టార్ కడతాం, న్యూ ఇయర్ దాకా రాత్రంతా వెలగాలి. లోపల మామూలు 60 వాట్ల బల్బు వేస్తాం. కాగితం ఒక పక్క గోధుమ రంగుకి తిరిగింది. బల్బు మార్చాలా, స్టార్ మార్చాలా?

రెండూ మార్చండి, ఈ రాత్రికే. ఫిలమెంట్ బల్బు తీసుకున్న కరెంటులో వెలుతురుగా బయటికొచ్చేది ఇరవయ్యో వంతు, మిగతాదంతా వేడి. గదిలో వేలాడదీస్తే ఆ వేడి గాల్లో కలిసిపోతుంది, కాగితపు స్టార్ లోపల అయితే ఎటూ పోదు. కాగితం గోధుమ రంగుకి తిరిగిందంటే మాడటం మొదలైనట్టే. పైగా సముద్రపు గాలికి స్టార్ ఊగి బల్బుకి ఆనుకుంటే అంతే సంగతులు. 5 వాట్ల ఎల్ఈడీ పసుపు రంగుది వేయండి, కాగితం లోంచి చూస్తే తేడా కనపడదు. కరెంటు సంగతి కూడా చెప్తాను: 60 వాట్లది రాత్రికి 12 గంటల చొప్పున నెలకి 21 యూనిట్ల పైన తింటుంది, 5 వాట్లది రెండు కూడా తినదు. మీ వీధిలో ఎన్ని స్టార్లు కడతారో మీకే తెలుసు, లెక్క మీరే వేసుకోండి.

ఎల్ఈడీ కూడా వెనకవైపు తెల్లటి బుడిపె దగ్గర వేడెక్కుతుంది, అందుకని స్టార్ పైన గాలి ఆడే సందు మూసేయకండి. డాబా మీద వైరు అతుకులకి ఉత్త టేపు చుట్టి వదిలేయొద్దు. చలికాలం మంచు తెల్లారేసరికి అన్నింట్లోకీ దిగుతుంది. సీరియల్ లైట్ల సెట్ కొనేటప్పుడు ప్లగ్గు దగ్గర వైరు ఎంత సన్నగా ఉందో చేత్తో పట్టుకుని చూడండి, దారప్పోగులా ఉంటే ధర ఎంత తక్కువైనా వదిలేయండి.

రాజమహేంద్రవరం నుంచి: లైట్ల శీర్షికలో పూల ప్రశ్న అడుగుతున్నానని తిట్టుకోకండి. కడియం నుంచి తెచ్చిన చామంతులు నాలుగు కుండీల్లో పెట్టాను. పెరట్లోని రెండూ విరగబూశాయి. గేటు దగ్గర లైటు కింద ఉన్న రెండూ ఆకు మీద ఆకు వేస్తున్నాయి తప్ప మొగ్గ లేదు. ఎరువు ఒకటే, నీళ్లు ఒకటే.

తిట్టుకోవడమా, ఈ నెలలో వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చిన ఉత్తరం ఇదే. మీ గేటు లైటే మొగ్గల్ని ఆపుతోంది. చామంతి రాత్రి పొడవుని కొలుచుకునే మొక్క. చీకటి ఇన్ని గంటలు ఆగకుండా ఉంటే చలికాలం వచ్చిందని లెక్క, అప్పుడే మొగ్గ తొడుగుతుంది. మధ్యలో లైటు పడితే దాని దృష్టిలో ఇంకా ఎండాకాలమే, ఆకులు వేసుకుంటూ కూర్చుంటుంది. పండగ ధర కోసం పూతని వెనక్కి నెట్టాలనుకునే రైతులు పాలీహౌస్‌లలో రాత్రిపూట కావాలనే లైట్లు వేస్తారు, మీరు తెలియకుండా అదే పని చేస్తున్నారు.

తెల్ల బల్బు తీసి పసుపు బల్బు వేస్తే సరిపోతుందనుకోకండి. ఈ విషయంలో మొక్క ముఖ్యంగా పట్టించుకునేది వెలుతురులోని ఎరుపు భాగాన్ని, అది పసుపు బల్బులో ఇంకా ఎక్కువ. కుండీల్ని పెరట్లోకి మార్చండి. ఇప్పుడు మార్చినా మొగ్గ కట్టి పువ్వు విచ్చుకోవడానికి రెండు నెలలు పట్టొచ్చు, కాబట్టి ఈ సంక్రాంతి మీద ఆశ వదులుకోండి.

మరి గేటు లైటు రాత్రంతా ఎవరి కోసం వెలుగుతున్నట్టు? మనిషి కదిలితే వెలిగి, ఒకటి రెండు నిమిషాల్లో ఆరిపోయే మోషన్ సెన్సర్ బల్బులు ఇప్పుడు ఏ ఎలక్ట్రికల్ షాపులో అయినా ఉన్నాయి. వాటిలో చాలావి ఒంటి వేడిని పసిగడతాయి కాబట్టి చుట్టూ చల్లగా ఉన్న ఈ నెలల్లో ఇంకా బాగా పనిచేస్తాయి, మే నెల రాత్రుల్లోనే కాస్త తడబడతాయి. వీధి కుక్కలకి కూడా వెలుగుతుంది, దానికి మీరు గానీ నేను గానీ చేయగలిగింది లేదు.

మిర్యాలగూడ నుంచి: కోతలైన దగ్గర్నుంచీ సాయంత్రం లైటు వేస్తే చాలు, చిన్న పచ్చ పురుగులు గుట్టలుగా వచ్చి పడుతున్నాయి. అన్నంలో పడతాయని చీకట్లోనే తినేస్తున్నాం.

దీపపు పురుగులవి. పేరులోనే ఉంది చూడండి, వరి మీద బతికి దీపానికి ఎగబడతాయి. పొలం కోసేసరికి వాటికి నిలవ నీడ లేక ఊళ్లోకొస్తాయి. కరవవు, ఓ రెండు మూడు వారాలు చికాకు పెడతాయి. పాలిపోయిన నీలం తెలుపు వెలుతురుకి ఎక్కువగా, పసుపు వెలుతురుకి తక్కువగా వస్తాయి కాబట్టి హాల్లో 6500K అని రాసి ఉన్న తెల్ల బల్బు తీసి 2700K లేదా 3000K అని ఉన్న పసుపుది పెట్టండి. భోజనం వేళకి హాల్లో లైటు ఆపి, గుమ్మానికి దూరంగా పెరటి వైపు ఒక తెల్ల లైటు వేసి, దాని కింద పళ్లెంలో నీళ్లు, నాలుగు చుక్కల నూనె వేసి పెట్టండి. సగానికి సగం అక్కడికే పోతాయి. మిగతా సగానికి కిటికీ దోమతెర ఉంది.

హైదరాబాద్, కూకట్‌పల్లి నుంచి: బెడ్‌రూమ్‌లో ఎల్ఈడీ బల్బు స్విచ్ ఆపినా రాత్రంతా సన్నగా వెలుగుతోంది, ఒక్కోసారి టిక్ టిక్‌మని మిణుకుతుంది. ఎండాకాలం గమనించలేదు, ఇప్పుడు కిటికీలు మూసుకుని పడుకుంటున్నాం కదా, టెన్షన్‌గా ఉంది. మీటర్ తిరుగుతోందా? షాక్ కొడుతుందా?

మీటర్ సంగతి వదిలేయండి, అది లెక్కలోకి రానంత తక్కువ. రెండో ప్రశ్నే అసలైనది. ఎల్ఈడీ బల్బుకి వెలగడానికి చాలా కొంచెం కరెంటు చాలు, ఎక్కణ్ణుంచి చుక్క చుక్కగా కారినా లోపల పోగేసుకుని ఒక్కసారి మిణుకుమంటుంది. ఎక్కణ్ణుంచి కారుతోందో చూడాలి. స్విచ్‌కి చిన్న ఇండికేటర్ లైటు ఉంటే అది వెలగడానికి తీసుకునే కరెంటు బల్బు లోంచే వెళ్తుంది, అదే అయితే భయం లేదు. ఒకే పైపులో వైర్లు పక్కపక్కనే చాలా దూరం నడిచినా ఇలా అవుతుంది, అదీ పర్వాలేదు. మూడోది మాత్రం పర్వాలేదు అనడానికి లేదు. వైరింగ్ చేసినవాళ్లు స్విచ్‌ని కరెంటు తెచ్చే ఫేజ్ వైరు మీద కాకుండా తిరిగి తీసుకెళ్లే న్యూట్రల్ మీద పెట్టి ఉంటే, మీరు స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. ఆపాం కదా అని బల్బు మార్చబోయి వేలు తగిలిస్తే షాకే. కాబట్టి ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్టర్ పెట్టి చూసేదాకా ఆ గదిలో బల్బు ముట్టుకోవాలంటే మెయిన్ బోర్డులోని ఎంసీబీ స్విచ్ దించి ముట్టుకోండి. తనిఖీ అయిదు నిమిషాల పని, సరిచేయడం ఇంకో పావుగంట.

అనంతపురం నుంచి: 2014లో మా జిల్లాలో పాత బల్బులు తీసుకుని ఒక్కోటి 10 రూపాయలకి రెండు ఎల్ఈడీలు ఇచ్చారు గుర్తుందా? అందులో ఒకటి ఇంకా వెలుగుతోంది సార్! కాకపోతే అమ్మాయి ఇంటర్, తెల్లారి నాలుగింటికి లేచి దాని కిందే చదువుతుంది, వెలుతురు చాలడం లేదంటోంది. తెల్లది పెట్టాలా, పసుపుదా?

గుర్తులేకపోవడమేంటండీ, గుంటూరు, పశ్చిమ గోదావరి, శ్రీకాకుళంతో పాటు మీ జిల్లాలోనూ ఇచ్చారు. ఆ ఏడాది మొదట్లో ప్రభుత్వం కొన్న ధరే బల్బుకి 310 రూపాయలు ఉండేది, కోట్ల లెక్కన కొనేసరికి 2016లోనే 40 లోపుకి దిగింది. మీ బల్బు ఆయుష్షు నిజంగానే మెచ్చుకోవాలి. అయితే అమ్మాయి చెప్పింది కూడా నిజమే. ఫిలమెంట్ బల్బు టప్పుమని పోయేది, పోయిందని తెలిసేది. ఎల్ఈడీ అలా పోదు, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా మసకబారుతుంది, రోజూ చూసే కంటికి తెలియదు. డబ్బా మీద 25,000 గంటలు అని రాస్తే అర్థం అప్పటికి వెలుతురు 70 శాతానికి పడిపోతుందని, అప్పటిదాకా మొదటిరోజులా ఉంటుందని కాదు. రోజుకి ఐదు గంటల చొప్పున పదేళ్లంటే 18,000 గంటలు. పైగా అప్పటి 7 వాట్ల బల్బు కంటే ఇప్పటి 7 వాట్లది ఎక్కువ వెలుతురిస్తుంది, వాట్‌కి 100 ల్యూమెన్లు (వెలుతురు కొలత) ఇచ్చేవి ఇప్పుడు మామూలే. కొనేటప్పుడు వాట్లు కాదు, ల్యూమెన్లు చూడండి. పాత 60 వాట్ల బల్బు అంత వెలుతురు కావాలంటే 800 ల్యూమెన్లు.

తెలుపా, పసుపా అంటే కరెంటులో తేడా ఏం ఉండదు. తేడా నిద్రలో ఉంటుంది. నీలం ఎక్కువున్న తెల్ల వెలుతురు, నిద్ర తెప్పించే మెలటోనిన్‌ని ఆపుతుంది. అందుకని నాలుగింటికి లేచే పిల్లకి తెల్లదే మంచిది, మత్తు వదులుతుంది. అదే పిల్ల రాత్రి తొమ్మిదిన్నరకి పడుకోవాలంటే ఎనిమిది నుంచీ ఇంట్లో పసుపు లైట్లే ఉంటే మేలు. అయితే అసలు సంగతి రంగు కాదు, దూరం. పైకప్పు కింది ట్యూబ్‌లైట్ పుస్తకానికి రెండు మీటర్ల దూరంలో ఉంటుంది. అంతే వెలుతురిచ్చే లైటు అర మీటర్ దూరంలో పెడితే దూరం నాలుగో వంతుకి తగ్గింది, వెలుతురు సుమారు పదహారింతలు పెరిగింది. అందుకే 5 వాట్ల టేబుల్ లైటు చాలు, కుడిచేత్తో రాసే పిల్లయితే ఎడమ పక్కన పెట్టండి, చెయ్యి నీడ పేజీ మీద పడదు. గది మొత్తం చీకటి చేసి పుస్తకం మీదొక్కటే వెలుతురు పడేలా మాత్రం వద్దు, తల ఎత్తి దించినప్పుడల్లా కన్ను సర్దుకోలేక అలసిపోతుంది. గదిలో ఏదో ఒక చిన్న లైటు ఉండనివ్వండి. ఇంట్లో మిగతావాళ్లు హాయిగా నిద్రపోవచ్చు కూడా.

బ్రిటన్, లెస్టర్ నుంచి: ఇక్కడ డిసెంబర్‌లో నాలుగు కొట్టకముందే చీకటి. మా ఇంటి పాత యజమాని వదిలేసిన హాలోజెన్ స్పాట్‌లైట్లు వంటింట్లో పన్నెండు ఉన్నాయి, ఒక్కోటి 50 వాట్లు. వేడి కూడా ఇస్తాయి కదా, చలికాలం అయ్యాక మారుద్దాం అంటారు మావారు. నిజంగా దండగేనా? ఇంకో మాట, నవంబర్ నుంచి నాకు ఏ పని మీదా మనసు నిలవడం లేదు.

మీవారు సగం కరెక్టే. ఆ లైట్లు మింగే 600 వాట్లూ చివరికి వేడిగానే మారతాయి, ఆ వేడి ఇంట్లోనే ఉంటుంది, ఆ మేరకు మీ హీటింగ్ కాస్త తక్కువ పనిచేస్తుంది. ఇళ్లన్నీ మామూలు కరెంటు హీటర్లతో వెచ్చబడే చోట చలికాలంలో బల్బు మార్చినందుకు పెద్దగా మిగలదు. కానీ మీ ఇల్లు చాలా ఇళ్లలాగే గ్యాస్ బాయిలర్‌ది అయితే, అక్కడ గ్యాస్ యూనిట్ ధర కరెంటు యూనిట్‌లో సుమారు నాలుగో వంతు. అంటే నాలుగింతల ధర పెట్టి వేడి కొంటున్నారన్నమాట, అదీ పైకప్పు దగ్గర, ఎవరికీ అక్కర్లేని చోట. 5 వాట్ల ఎల్ఈడీ స్పాట్‌లు పన్నెండూ కలిపి 60 వాట్లు. చలికాలం అయ్యాక మారుద్దాం అంటున్నారే, అక్కడ చలికాలంలోనే కదా రోజుకి తొమ్మిది పది గంటలు వేసేది, ఎండాకాలం రాత్రి తొమ్మిదింటి దాకా వెలుతురు ఉంటుంటే స్విచ్ ముట్టుకునేదెవరు? ఇప్పుడే మార్చండి. ఎలాగూ హాలోజెన్ బల్బుల అమ్మకాలు అక్కడ 2021 నుంచి చాలావరకు ఆపేశారు, పోతే మళ్లీ దొరకడం కష్టం. పాత స్పాట్‌లు 12 వోల్టులవైతే పైన ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, కొత్తవి దానితో పొసగుతాయో లేదో ముందే చూసుకోండి, లేకపోతే మిణుకుతాయి.

రెండో మాటకి. పగలు ఎనిమిది గంటలు కూడా ఉండని చోట, ఇంత ఎండలో పెరిగిన మనకి అలా అనిపించడం బలహీనత కాదు, చలికాలపు దిగులు అని వైద్యులు గుర్తించినదే. ఇంట్లో లైట్లు వేసుకున్నా మామూలుగా 200, 300 లక్స్ (ఒక చోట పడే వెలుతురు కొలత) దాటదు. బయట మబ్బు పట్టిన పగలు కూడా దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకని మధ్యాహ్నం భోజనం వేళ ఇరవై నిమిషాలు కోటు వేసుకుని బయట నడవడం వంటింటి స్పాట్‌లన్నిటికన్నా పనిచేస్తుంది. 10,000 లక్స్ ఇచ్చే ప్రత్యేకమైన లైట్ బాక్సుల ముందు పొద్దున్నే అరగంట కూర్చునే పద్ధతి కూడా ఉంది. కంటి జబ్బు ఉన్నా, మనసుకి సంబంధించిన మందులు వాడుతున్నా డాక్టర్‌ని అడగకుండా కొనకండి. నెలరోజులుగా అలాగే ఉందంటున్నారు కాబట్టి ఎలాగూ ఒకసారి డాక్టర్‌ని కలవండి.

పాడేరు నుంచి: ఇంటి ముందు సోలార్ లైటు వర్షాకాలం ముందు దాకా తెల్లార్లూ వెలిగేది. ఇప్పుడు తొమ్మిదింటికే కళ్లు మూసేస్తోంది. బ్యాటరీ పోయినట్టేనా?

కావచ్చు, కానీ ముందు దాన్ని అనుమానించకండి. మీ దగ్గర పొగమంచు విడిచేసరికి పొద్దున్న తొమ్మిదో పదో అవుతుంది, సాయంత్రం కొండ అడ్డమొచ్చి నాలుగింటికే ఎండ పోతుంది. రాత్రి ఏమో వేసవి కంటే రెండు గంటలు పొడుగు. అంటే తిండి తగ్గింది, పని పెరిగింది. ప్యానెల్ ఎక్కి చూడండి, మంచు తడికి దుమ్ము అంటుకుని అట్టకట్టి ఉంటుంది, తడిగుడ్డతో తుడవండి. అది ఎటు చూస్తోందో కూడా చూడండి. చలికాలం సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు కాబట్టి ప్యానెల్ దక్షిణం వైపు మొహం పెట్టి కాస్త ఏటవాలుగా ఉండాలి. లైటులో తక్కువ వెలుతురు పెట్టుకునే మీట ఉంటే ఈ నాలుగు నెలలూ అందులో ఉంచండి. ఇవన్నీ చేసి వారం చూసినా తొమ్మిదింటికే ఆరితే అప్పుడు బ్యాటరీ.

సిద్దిపేట నుంచి: పండక్కి రంగులు వేయిస్తున్నాం. మధ్య గది పగలే చీకటి. దక్షిణం వైపు కిటికీ ఉంది గానీ వాస్తు అని మూసి ఉంచుతాం.

వాస్తుతో నేను వాదన పెట్టుకోను. ఎండ సంగతి మాత్రం చెప్తాను. జూన్‌లో సూర్యుడు మధ్యాహ్నం మన నెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు, దక్షిణం కిటికీలోంచి ఒక్క కిరణం రాదు. డిసెంబర్‌లో మధ్యాహ్నం కూడా సగం ఆకాశం ఎత్తులోనే ఉంటాడు, అదే కిటికీలోంచి గది మధ్యదాకా ఎండ పడుతుంది. లైటూ ఆదా, గదికి వెచ్చదనం కూడా. తలుపులు తీయడం ఇష్టం లేకపోతే కనీసం అద్దం రెక్కలు పెట్టించుకోండి, కిటికీ మూసే ఉంటుంది, ఎండ వస్తుంది. రంగు తెలుపు, మీగడ రంగు, లేత పసుపు ఏదైనా సరే, పైకప్పు మాత్రం తప్పనిసరిగా తెలుపు. ఇప్పుడు ఫ్యాషన్ అని ఒక గోడకి ముదురు నీలమో బూడిద రంగో వేయిస్తున్నారు, ఆ గోడ మీద పడ్డ వెలుతురులో చాలా భాగం మళ్లీ మీకు తిరిగి రాదు.

నెల్లూరు నుంచి: పాత ఫిలమెంట్ బల్బులు రెండు, సీఎఫ్ఎల్‌లు నాలుగు ఇంకా పనిచేస్తున్నాయి. పారేసి అన్నీ ఎల్ఈడీలు వేయాలా?

సామాన్ల గదిలోనో మెట్ల కింద గూట్లోనో రోజుకి అయిదు నిమిషాలు వేసేచోట ఫిలమెంట్ బల్బు ఉంటే ఉండనివ్వండి, దాన్ని మార్చి మీరు ఏడాదికి మిగుల్చుకునేది పది రూపాయలు కూడా ఉండదు. గంటల తరబడి వెలిగే చోట ఉంటే ఈ రోజే తీసేయండి. సీఎఫ్ఎల్‌లు పోయేదాకా వాడుకోండి, పోయాక చెత్తబుట్టలో వేయొద్దు, అందులో కాస్త పాదరసం ఉంటుంది, పాత ఎలక్ట్రానిక్ సామాన్లు తీసుకునే చోట ఇవ్వండి. చేతిలోంచి జారి పగిలితే చీపురు తీసుకోకండి. పిల్లల్ని బయటికి పంపి, కిటికీలు తెరిచి, ఫ్యాన్ ఆపి పదిహేను నిమిషాలు ఆగండి. తర్వాత అట్టముక్కతో ముక్కలు ఎత్తి, మిగిలిన పొడిని అంటుకునే టేపుతో అద్ది, అన్నీ మూతున్న సీసాలో వేసి కట్టేయండి.